ఒక్క పాయింటుతో ఓడిన జట్టుకు ఏం చెప్పాలి? మా ఉలవపాడు అమ్మాయిల కబడ్డీ అనుభవం

కొండపి వైపు నుంచి ఒక పీఈటీ మేడం అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయిల కబడ్డీ జట్టు డివిజన్ ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. అవతలిది ఏటా కప్పు కొట్టే జట్టు. ఆఖరి కూతకు పోయి ఖాళీగా తిరిగొచ్చిన అమ్మాయిని మిగతా పిల్లలు మాటలంటున్నారు. ఆ అమ్మాయి ఆటే మానేస్తానంటోంది. ఏం చెప్పి సర్దాలి?"

మేడం గారూ, అచ్చం ఇలాంటి మ్యాచే 2007లో మేం ఆడాం. అప్పుడు నేను పదో తరగతి, జట్టుకి కెప్టెన్ని. ఇప్పుడు మీలాగే పిల్లల చేత ఆటలాడిస్తున్నాను. నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను, మీ పిల్లలకు ఏది పనికొస్తుందో మీరే చూసుకోండి.

మాది ఉలవపాడు మండలం, మామిడి తోటల పక్క. కందుకూరు డివిజన్ అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉండేది. మేం ఆడే నాటికి డివిజన్లో గెలిచిన జట్టు ఒంగోలు పోయేది. మా జట్టులో సగం మంది అప్పటికి ఒంగోలు చూడలేదు. ఒంగోలు పోవడమంటే మాకు అదొక పెద్ద సంగతి.

అవతలి జట్టు టౌనులో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఆడేవాళ్లు. మేం చివరి పీరియడ్లో ఆడి, బస్సు పోతుందని పరిగెత్తేవాళ్లం. నేను ఎనిమిదో తరగతి నుంచి చూస్తున్నా, కప్పు వాళ్లదే. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని చైన్ కట్టి నిలబడితే, ఆ చేతులు విడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మంచి జట్టు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఎప్పుడూ కష్టం లేదు.

మా బలమల్లా ఒక రైడర్, అంటే కూతకు పోయే పిల్ల. తొమ్మిదో తరగతి అమ్మాయి, సముద్రం ఒడ్డున పాలెం నుంచి వచ్చేది. చిన్నప్పటి నుంచి ఇసకలో పరిగెత్తిన కాళ్లు. వెనక్కి తిరుగుతున్నట్టే తిరిగి, మడమ చివరతో కార్నర్‌లో (కోర్టు మూలన) నిలబడ్డ పిల్లని తాకి నడిగీత దాటేది. తాకిందని అవతలి పిల్లకి తెలిసేసరికి ఈమె మా వైపు నిలబడి ఉండేది.

మ్యాచ్ పదిహేను నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. మొదటి హాఫ్‌లో మమ్మల్ని ఉతికేశారు. ఎనిమిదో నిమిషానికే అందరం అవుటై లోనా పడింది. హాఫ్ అయ్యేసరికి మాకు 9, వాళ్లకు 17. మా డ్రిల్లు సారు ఏమీ అనలేదు. నీళ్లిచ్చి, "ఎవురూ మాట్టాడబాకండి, ఊపిరి తీసుకోండి" అన్నారంతే.

రెండో హాఫ్‌లో ఏం మారిందో అప్పుడు మాకు తెలియలేదు. మా పాలెం అమ్మాయి పోయిన ప్రతిసారీ ఒకళ్లనో ఇద్దర్నో తాకి వస్తోంది. వాళ్ల మెయిన్ రైడర్ని రెండుసార్లు పట్టేశాం. ఇంకో ఐదారు నిమిషాలు ఉందనగా వాళ్ల మీద లోనా వేశాం. ఆ జట్టుకు డివిజన్లో లోనా పడటం నేను అంతకు ముందు చూడలేదు. చుట్టూ నిలబడ్డ వాళ్లలో ఎక్కువమంది ఆ స్కూలు పిల్లలే, అయినా వాళ్లు కూడా మాకు చప్పట్లు కొట్టారు. స్కోరు 27, 27 అయింది. అప్పుడు వాళ్ల రైడర్ వచ్చి, నా చెయ్యి తాకి వెళ్లింది. నేను అవుట్. 27, 28.

ఆ తర్వాత కూత మాది. అవతల ఐదుగురున్నారు. కోర్టులో ఆరుగురన్నా ఉంటేనే బోనస్ (ఎవర్నీ తాకకుండా బోనస్ గీత దాటి తెచ్చుకునే పాయింటు) కాబట్టి ఇక బోనస్ లేదు, ఒకళ్లని తాకి రావాల్సిందే. తాకితే సమానం, ఎక్స్‌ట్రా టైం. మా అమ్మాయి పోయింది. బాక్ లైన్ (కూత చెల్లాలంటే దాటాల్సిన గీత) దాటింది, అటూ ఇటూ చూసింది, వాళ్లు ఇద్దరిద్దరుగా చైన్ కట్టి వెనక్కి జరిగారు. సందు దొరకలేదు. ఇంకోసారి వద్దామనుకుని తిరిగొచ్చేసింది. ఆమె నడిగీత దాటగానే లాంగ్ విజిల్ పడింది. టైం అయిపోయింది.

ఇక బస్సులో ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు. వెనక సీట్లో నుంచి ఎవరో "తాకకుండా ఎట్టా వస్తారు మే, బుద్ధుండాల" అన్నారు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనూ మాట్లాడలేదు. నా విషయం వేరే ఉంది, అది చెప్తాను.

తర్వాత నాలుగు రోజులు ఆమె స్కూలుకు రాలేదు. ఐదో రోజు నేను, ఇంకో పిల్ల కలిసి పాలెం పోయాం. వాళ్లమ్మ ఇంటి ముందు చేపలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి, "ఏం ఆటో ఏమో తల్లా, అన్నం కూడా సరిగా తినడం లేదు. మీరన్నా చెప్పండి" అంది. లోపలికి పోతే ఆమె చాప మీద పడుకుని ఉంది. లేచి కూర్చుని ఒక్కటే మాట అన్నది: "ఇంకా టైం ఉందనుకున్నానక్కా. ఆఖరి కూతని నాకు ఎవురూ చెప్పలా."

నాకు తెలుసు అది ఆఖరి కూతని. అవుటై సిట్టింగ్ బ్లాక్‌లో కూర్చున్నాను కదా, టైం చూసే సారు టేబులు నాకు దగ్గరే. ఆమె కూతకు బయలుదేరక ముందే ఆయన పక్కాయనతో "ఇదే ఆఖరిది" అనడం విన్నాను. బోర్డు లేదు, గడియారం లేదు, ఆయన చేతిలో స్టాప్‌వాచ్ ఒక్కటే. నేను నా పక్కన కూర్చున్న పిల్లతో "ఆఖరిదంట" అన్నాను. లేచి అరవలేదు. కూర్చున్న వాళ్లు అరిస్తే రిఫరీ సారు తిడతారేమోనని ఒక భయం, ఆమెకు తెలిసే ఉంటుందని ఒక ధీమా. కెప్టెన్ని నేను. చెప్పాల్సింది నేను. అంతకన్నా బాధేంటంటే, టైం అయిపోయినా మొదలైన కూత పూర్తయ్యే దాకా ఆట ఆగదు. ఆమె తొందరపడి తిరిగి రావాల్సిన పనే లేదు. ఆఖరిదని తెలిస్తే ఏదో ఒక వైపు దూకి చూసేది. పట్టుబడితే పట్టుబడేది, 27, 29 అయ్యేది, అప్పుడు ఆమెను ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు.

ఈ మాట ఆ చాప మీద కూర్చుని ఆమెకు చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె ఏమీ అనలేదు, వాళ్లమ్మని పిలిచి మాకు మజ్జిగ ఇప్పించింది. మర్నాడు స్కూలుకు వచ్చింది.

ఇప్పుడు మీకు అసలు పనికొచ్చే సంగతి. ఆ సోమవారం మా డ్రిల్లు సారు స్కోర్ షీటుని నోటుబుక్కులో దించుకుని తెచ్చారు. గ్రౌండులో సుద్దతో చిన్న కోర్టు గీసి, మా అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, వాళ్లకొచ్చిన 28 పాయింట్లూ ఒక్కొక్కటే చదివించారు. ఏ పాయింటు ఎవరి దగ్గర పోయిందో ఆ పిల్ల చేతే చెప్పించారు. అప్పుడు తేలింది. మొదటి హాఫ్‌లో నాలుగు బోనస్‌లు లెఫ్ట్ కార్నర్ వైపే పోయాయి. లెఫ్ట్ కార్నర్ నేను. మా స్కూలు గ్రౌండు ఇసక నేల, మడమ పట్టుకి భయం లేకుండా దూకేదాన్ని. అక్కడ గట్టి నేల, సన్న గులకరాళ్లు. మొదటి కూతలోనే దూకితే మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ తర్వాత నాకు తెలియకుండానే వెనక గీత దగ్గరికి జరిగిపోయాను. కార్నర్ అంత వెనక నిలబడితే రైడర్ తీరిగ్గా బోనస్ లైన్ దాటి కాలు పెట్టి, రెండో కాలు గాల్లోకి లేపి వెళ్లిపోతుంది. ఆమె ఎవర్నీ ముట్టుకోనక్కర్లేదు, పాయింటు ఇచ్చేసినట్టే. అలా నాలుగు.

ఇంకో రెండు పాయింట్లు లాబీలో, అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీలో పోయాయి. రైడర్‌ని ఎవరూ తాకకముందే మా కవర్ పిల్లలిద్దరు (కార్నర్లకు లోపలి పక్క నిలబడేవాళ్లు) వేరువేరు కూతల్లో లాబీలో కాలు పెట్టారు. దానికి అవుట్. మా స్కూల్లో లాబీ గీతలు సరిగా వేసుకునేవాళ్లం కాదు, సున్నం చాలక నాలుగు గీతలతో సరిపెట్టేవాళ్లం. ఆ అలవాటు అక్కడ దెబ్బకొట్టింది.

మొత్తం ఆరు. అవతలి జట్టు చెమటోడ్చి సంపాదించినవి ఇరవై రెండు, మేం చేతిలో పెట్టినవి ఆరు. అందులో ఒక్కటి ఆపినా సమానం అయ్యేది, రెండు ఆపితే ఒంగోలు పోయేవాళ్లం. ఆ రోజు ఆ సుద్ద గీతల చుట్టూ కూర్చున్న పిల్లల్లో ఎవరికీ పాలెం అమ్మాయి వైపు చూసే ధైర్యం లేకపోయింది. మాకొచ్చిన 27లో పదకొండు ఆమె తెచ్చినవని కూడా షీటులోనే ఉంది. బస్సులో మాటన్న పిల్లే లేచి, "ఒక లాబీ నాదే సార్" అంది.

అందుకే నా సలహా: మీ పిల్లలకు "బాగా ఆడారు, ఓడినా గెలిచినట్టే" అని చెప్పకండి. పదిహేనేళ్ల పిల్లలకు అది అబద్ధమని తెలుస్తుంది. ఓడారు. ఎక్కడ ఓడారో చూపించండి. ఒక్క పాయింటు తేడాతో పోయిన మ్యాచ్‌లో అందరికీ ఆఖరి కూతే కళ్ల ముందు ఉంటుంది, ఎందుకంటే అది పోయాక ఇంకేం జరగలేదు. మూడో నిమిషంలో పోయిన బోనస్ ఎవరికీ గుర్తుండదు. కానీ షీటులో రెండింటి విలువా ఒకటే. ఆ అమ్మాయిని వెనకేసుకొచ్చి మీరు ఎన్ని మాటలు చెప్పినా చెయ్యలేని పని ఆ కాగితం చేస్తుంది.

ఇంకోటి, టైం చెప్పే పని ఒకరికి అప్పగించండి. మేం ఆ తర్వాత అలాగే చేశాం. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎంత టైం ఉందో టేబుల్ దగ్గర అడిగి తెలుసుకుని కోర్టులోకి చెప్పే బాధ్యత కెప్టెన్‌ది. కెప్టెన్ అవుటైతే ఆ పని ఎవరిదో ముందే అనుకోవాలి. ప్రాక్టీసులో వారానికి రెండు రోజులు 'ఒక పాయింటు వెనక ఉన్నాం, ఇదే ఆఖరి కూత, అవతల ఐదుగురు' అని పెట్టి ఆడించండి. మా పిల్లల చేత నేను ఇప్పటికీ ఇదే ఆడిస్తాను. అలవాటైన పిల్ల తిరిగి రాదు, దూకుతుంది.

బలమైన జట్టుతో దగ్గరగా ఓడటం ఎంత విలువైందో పెద్ద ఆటల్లో కూడా చూశాను. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల మగవాళ్ల ఫైనల్లో ఇరాన్ మన చేతిలో 25, 27తో ఓడింది. 1990 నుంచి అప్పటిదాకా ఆ బంగారం మనదే, ఇంకెవరికీ పోలేదు. నాలుగేళ్ల తర్వాత జకార్తాలో అదే ఇరాన్ సెమీస్‌లో మనల్ని 27, 18తో ఓడించి బంగారం ఎత్తుకుపోయింది. ఆడవాళ్ల ఫైనల్లోనూ మనం ఇరాన్ చేతిలో 24, 27తో ఓడాం. వాళ్ల కోచ్ మన నాసిక్ ఆవిడే, శైలజా జైన్. ఆ రెండు మ్యాచ్‌లు చూస్తూ నేను బాధపడ్డాను, కానీ ఇరాన్ వాళ్లు 2014 మ్యాచ్‌ని ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకుని ఉంటారో అని కూడా అనుకున్నాను. 2023లో హాంగ్‌ఝౌలో మన అమ్మాయిలు చైనీస్ తైపీ మీద 26, 25తో గెలిచినప్పుడు అందరం ఎగిరి గంతులేశాం. నాకు మాత్రం తైపీ అమ్మాయిల మొహాలే కళ్లలో నిలిచాయి. ఒక్క పాయింటు.

మా కథ సినిమాలా తిరగలేదని కూడా చెప్పాలి. మరుసటి ఏడు నేను స్కూల్లో లేను. పాలెం అమ్మాయి కెప్టెన్ అయింది. మళ్లీ అదే జట్టు చేతిలో ఓడారు, ఈసారి ఐదు పాయింట్ల తేడాతో. అయితే మా సారు షీటు తీసుకుని మా ఇంటికి వచ్చి చూపించారు. ఆ మ్యాచ్ మొత్తంలో మా వాళ్లు ఇచ్చిన బోనస్ ఒక్కటే, లాబీలో ఎవరూ కాలు పెట్టలేదు. ఓడించింది అవతలి వాళ్ల ఆటే. ఆ ఏడు మా స్కూలు నుంచి జిల్లా సెలక్షన్స్‌కు ఆమెను పిలిచారు. ఒంగోలు చూసింది.

మీ స్కోర్ షీటు మీ దగ్గరుంటే ఫొటో తీసి పెట్టండి మేడం. స్కూలు పేరు, పిల్లల పేర్లు కనపడకుండా చూసుకోండి. ఆదివారం నాకు ఖాళీ, కూర్చుని ఒక్కో పాయింటు లెక్క రాసి పంపిస్తాను. ఈలోపు సాయంత్రం ప్రాక్టీసులో మొదటి కూతకు ఆ అమ్మాయినే పంపండి.