రంగుల మేస్త్రీని అడగండి: హాలుకి సీసా పచ్చా, మీగడ రంగా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాలుగేళ్ల కిందట డాబా వేసుకున్నాం. హాలు 12 బై 16. తూర్పు గోడకి ఒకే కిటికీ, దాని బయట కొబ్బరి చెట్లు. సంక్రాంతికి రంగులు వేయిద్దామంటే ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా అబ్బాయి ఫోనులో బొమ్మ చూపించి నాలుగు గోడలకీ సీసా ఆకుపచ్చే వేయాలంటాడు. మావారు మీగడ రంగు తప్ప మరోటి వద్దంటారు. లేత రంగైతే ఆర్నెల్లకే మాసిపోతుందని నా భయం. పైగా మా మామయ్యగారు రోజంతా దివాను మీద గోడకి ఆనుకునే కూర్చుంటారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివిన మాట ‘బయట కొబ్బరి చెట్లు’. ముప్పై నాలుగేళ్లు కోనసీమలో గోడలకి రంగులు కొట్టాను. మన ఇళ్లలోకి ఎండ నేరుగా ఎక్కడొస్తుందండీ? మట్టల సందుల్లోంచి జారి, ఆకు పచ్చదనం కాస్త అంటించుకుని మరీ వస్తుంది. ఆ వెలుగులో తెల్ల గోడే కొంచెం పచ్చగా కనబడుతుంది. సీసా ఆకుపచ్చ వేశారా, మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకోవాలి. మీ అబ్బాయి చూసిన ఫోటోలో గదికి ఒక పక్కంతా అద్దాలే ఉండుంటాయి. కావాలంటే మళ్లీ చూడమనండి.

నా గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, ఈ తప్పు నేను మా ఇంట్లోనే చేశాను. మా అమ్మాయి సరదా పడిందని పదేళ్ల కిందట మా హాలు ఉత్తరపు గోడకి ముదురు నీలం కొట్టాను. నెల రోజులు వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆషాఢంలో వానలు పట్టాక ఆ గోడలోంచి ఉప్పు పొంగింది. ఇటుకలోనూ ఇసకలోనూ ఉన్న ఉప్పు చెమ్మలో కరిగి బయటికొచ్చి, పైన ఆరి తెల్లగా పూస్తుంది. తెల్ల గోడ మీదైతే ఎవరికీ కనబడేది కాదు. నీలం మీద మాత్రం పిండి చల్లినట్టుంది. మా పక్కింటాయన పొద్దున్నే వచ్చి, ‘ఏం మేస్త్రీ, గోడకి గుమ్మడికాయ బూడిద రాశావా?’ అన్నాడు. ఊరందరికీ రంగులేసినవాడి ఇంట్లో ఆ గోడ! దాన్ని మళ్లీ లేత రంగుకి తేవడానికి ప్రైమరు రెండు కోటింగులు, పైన రంగు మూడు కోటింగులు పట్టాయి.

ఇక మీ భయం సంగతి. ముదురు రంగు మాపు దాస్తుందని అందరూ అనుకుంటారు. చొక్కాకి నిజం, గోడకి కాదు. మీ మామయ్యగారి తల ఆనే చోటు తలుచుకోండి. కొబ్బరినూనె రాసుకునే తలే కదా! మెరుపు లేని ముదురు గోడ మీద ఆ నూనె గుండ్రంగా, నిగనిగలాడుతూ మచ్చ కడుతుంది. తుడిస్తే తుడిచినంత మేరా ఇంకా మెరుస్తుంది. పిల్లల గోటి గీత తెల్లగా పడిపోతుంది. సాలెగూడు, దుమ్ము, బల్లి రెట్ట అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అదే గోడకి లేత రంగులో కొద్దిగా మెరుపున్న, కడగడానికి వీలైన ఎమల్షన్ వేయించండి. మెత్తటి గుడ్డ సబ్బునీళ్లలో ముంచి పిండి, రుద్దకుండా ఒత్తి తుడిస్తే మరక పోతుంది. మరక పోవడం మానడం రంగు ముదురులో లేదమ్మా, పెయింటు రకంలో ఉంది.

అలాగని అబ్బాయి మాట పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. కిటికీ ఉన్న గోడ ముదురు చేయొద్దు. బయటి వెలుతురుకీ గోడ చీకటికీ తేడా ఎక్కువై కళ్లు జిగేల్మంటాయి. దానికి ఎదురుగోడ కూడా వద్దు; వచ్చిన కాస్త వెలుగునీ తిరిగి గదిలోకి కొట్టేది అదే. మిగిలినవి 16 అడుగుల పక్క గోడలు రెండు. ఒకదాని వారన తాతగారి దివాను ఉంది. రెండోదాని మీద టీవీ ఉంటే సీసా పచ్చ అక్కడ వేయించండి, ఎవరూ తల ఆనించరు. ఒక్కటి చూసుకోండి, ఆ గోడ వెనక బాత్రూము ఉండకూడదు. ఉంటే నా నీలం గోడ కథే మళ్లీ.

పాత ఇళ్లలో అంతా ముదురేగా అంటారు కొందరు. మండువా లోగిలి గుర్తు చేసుకోండి. స్తంభాలూ దూలాలూ నల్లటి టేకు, కానీ గోడలు తెల్లటి సున్నం. నడుమ వాన పడే మండువాలోంచి దిగిన వెలుగుని ఆ సున్నమే గదుల్లోకి పంచేది. మా నాన్న సున్నాలు వేసేవారు. గుల్ల సున్నం నానబెట్టి, వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపి కొట్టేవారు. వాళ్లెవరూ షేడ్ కార్డు చూసి ఎరగరు.

షేడ్ కార్డంటే గుర్తొచ్చింది. కొన్ని కంపెనీలు ప్రతి రంగుకీ ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తాయి. ఆ రంగు వెలుతురుని ఎంత తిప్పి కొడుతుందో చెప్పే లెక్క అది. 0 అంటే కటిక నలుపు, 100 అంటే స్వచ్ఛమైన తెలుపు. మంచి తెలుపులు 80 పైన ఉంటాయి, సీసా పచ్చలాంటివి 10 లోపే. మీ హాలుకి మూడు గోడలూ 70కి తగ్గకుండా చూసుకోండి. సీలింగు తెలుపే.

కార్డు మీద అంగుళం ముక్క చూసి మాత్రం డబ్బా కొనొద్దు. గోడల రంగు ఒకదాని మీదొకటి పడి, గదిలో ఎప్పుడూ కార్డు కంటే చిక్కగా కనబడుతుంది. రెండడుగుల అట్ట మీద రెండు కోటింగులు వేసి, ఆ గోడకే తగిలించి పొద్దున ఎనిమిదికీ, మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి లైటు కిందా చూడండి. తెల్లటి ట్యూబులైటు కింద మీగడ రంగు పాలిపోతుంది, పసుపు బల్బు కింద నెయ్యిలా ఉంటుంది. రోజూ వేసే లైటు కిందే చూసి ఖాయం చేసుకోండి.

లెక్క చెప్తాను, కొట్లో మోసపోకండి. ఎమల్షన్ లీటరు రెండు కోటింగులకి సుమారు 120 చదరపు అడుగులొస్తుంది. పదడుగుల ఎత్తయితే, తలుపులూ కిటికీ పోను, మీ మూడు లేత గోడలూ 320 దాకా తేలతాయి. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి తెస్తే కొంచెం మిగులుతుంది కూడా. పచ్చ గోడకి మూడో కోటింగు తప్పదు కాబట్టి రెండు లీటర్లు తెచ్చుకోండి. షేడ్ నంబరు తలుపు పై అంచు మీద పెన్సిలుతో రాసిపెట్టండి. రెండేళ్ల తరవాత వెతికేటప్పుడు కార్డు దొరకదు, తలుపు ఎక్కడికీ పోదు.

ప్రశ్న: పడమటి గదికి లోపల ముదురు రంగు వేస్తే వేడెక్కుతుందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: లోపలి గోడ మీద ఎండ పడనప్పుడు దాని రంగుకీ వేడికీ పెద్ద సంబంధం లేదండి. ఎండ తగిలే బయటి గోడా, పైన శ్లాబూ చూసుకోండి. అవి తెల్లగా ఉంటే గదిలో తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక. 2022 జూలై వరదలో హాల్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. అప్పట్నుంచి కింద రెండడుగుల మేర పెయింటు పొట్టు లేస్తోంది. చాక్లెట్ రంగు ఆయిల్ పెయింటు వేస్తే కనబడదంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. ఆయిల్ పెయింటు గోడలో చెమ్మని బయటికి పోనివ్వదు. ఈసారి పొట్టుతోపాటు కిందున్న లప్పం (పుట్టీ) కూడా ఊడొస్తుంది. ముందు అడుగు బై అడుగు పాలిథిన్ ముక్క గోడకి పెట్టి, నాలుగు అంచులూ టేపుతో మూసి ఒక రోజు వదలండి. లోపలి వైపు నీటిబొట్లు పడితే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే. అప్పుడు ఏ రంగూ నిలవదు.

పెయింటూ లప్పమూ ప్లాస్టరు దాకా గీకేయించండి. ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. వేసవి అంతా గోడని అలాగే ఆరనిచ్చి, ఆ కింది మేరకి సున్నం కొట్టించండి. సున్నం చెమ్మకి అడ్డు నిలవదు, బయటికి పోనిస్తుంది.

కింద ముదురే కావాలంటే మన పెద్దవాళ్లు అలికే జాజు, అదే ఎర్రమట్టి, ఉండనే ఉంది. గోడ కింద రెండడుగులు ఎర్రటి జాజు పట్టీ, ఆ పైన తెలుపు. వాన చిందులూ, చీపురు దెబ్బలూ అందులో కలిసిపోతాయి. ఏటా సంక్రాంతి ముందు మళ్లీ అలికేస్తే సరి, తక్కువ ఖర్చు పని. రెండూ కలిసే చోట మా అమ్మ ముగ్గుపిండితో సన్నటి గీత లాగేది. అది మీ ఇష్టం.