4294967297 ప్రధాన సంఖ్య కాదని కంప్యూటర్ లేకుండా తేల్చగలమా?

తేల్చొచ్చు. కాకపోతే నాలా మాత్రం వద్దు.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఈ సంఖ్య మీద నాలుగు రాత్రులు తగలేశాను. 3, 5, 17, 257, 65537 అనే వరసలో తర్వాత వచ్చేది ఇదే. ఒకదాంట్లోంచి 1 తీసి, వర్గం చేసి, మళ్లీ 1 కలిపితే తర్వాతది వస్తుంది. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడని మాస్టారు చెప్పారు. అది తప్పని 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త చూపించాడని చెప్పేలోపు బెల్ మోగింది. సగం పాఠంతో ఇంటికొచ్చి, ఫెర్మా అంతటివాడి మాట నేను రుజువు చేస్తానని కూర్చున్నాను.

నా పద్ధతల్లా 3 నుంచి ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించుకుంటూ పోవడమే. 3కి శేషం 2, 7కి 5, 11కీ 5, 13కి 10. నోటుబుక్కు నిండుతోంది. 641 వంతు వచ్చింది. 4294లో ఆరుసార్లు, శేషం 448. 4489లో ఏడుసార్లు, శేషం 2. తర్వాత రెండు సున్నాలు. 2672లోంచి 2564 తీసేస్తే 108 రావాలి కదా, నేను 118 వేశాను. ఆ దెబ్బకి చివర్లో సున్నా రావాల్సిన చోట 359 మిగిలింది. కొట్టేసి 643కి వెళ్లిపోయాను! 700 దాటాక ఓపిక చచ్చి, "ఇది ప్రధాన సంఖ్యే" అని రాసి కింద రెండు గీతలు గీశాను. నిజానికి వర్గమూలం దాకా, అంటే 65536 దాకా చూడాలని తెలుసు. అక్కడికి ఆరువేల అయిదొందల పైచిలుకు ప్రధాన సంఖ్యలు. ఎవరు చేస్తారండీ?

మర్నాడు మాస్టారు పేజీలు తిప్పి తిప్పి, 118 చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి పుస్తకం నా చేతికిచ్చారు. ఒక్క మాట అనలేదు. 641 × 6700417. అంతే సంగతి.

641 దాకా నేను చేసినవి నూటపదిహేను భాగహారాలు. అన్నీ అక్కర్లేదు. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. ఇది ఆయిలర్ రుజువు చేసిందే. అలాంటివి 193, 257, 449, 577, ఆ వెంటనే 641. ఇందులో 257ని కూడా వదిలెయ్యొచ్చు. పైన చెప్పిన అయిదింటినీ గుణిస్తే 4294967295 వస్తుంది, మన సంఖ్య కన్నా సరిగ్గా రెండు తక్కువ. కాబట్టి ఆ అయిదింట్లో దేనితో భాగించినా 2 మిగులుతుంది. అంటే నాలుగే నాలుగు భాగహారాలు!

నా కోపమంతా పుస్తకాల మీద. "641 దీన్ని భాగిస్తుంది" అని ఒక్క వాక్యం పడేస్తారు, ఆ 641 ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్పరు. కంప్యూటర్ ఉంటే ఇదంతా ఎందుకు అనేవాళ్లు ఇంకో రకం. ఒకసారి ప్రోగ్రాంలో ఈ సంఖ్యని 32 బిట్లలో పెట్టాను. అందులో పట్టేది 4294967295 వరకే. మీటరు తిరిగిపోయినట్టు తిరిగి 1 అని చూపించింది. కంప్యూటర్ లెక్కలో అదీ ప్రధాన సంఖ్య కాదు మరి, జవాబు మాత్రం కరెక్టే!

అన్నట్టు 6700417 ప్రధాన సంఖ్యే. కావాలంటే మీరే చూడండి, 64 షరతు దానికీ వర్తిస్తుంది, 2588 దాకా వెళ్తే చాలు. ఇది మాత్రం నేను రెండుసార్లు సరిచూశాను.