డాక్టరు చెప్పిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టు

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్లో శుభవార్త చెప్పింది. చాలా సంతోషం. ఏడో నెల రాగానే నిన్ను విజయనగరం తీసుకొచ్చేస్తుందట, ఆ రోజు నుంచే ప్రసూతి సెలవు పెట్టించాలట. చిక్కు అక్కడే ఉంది. మిల్లు టైమ్ ఆఫీసులో ఇలాంటి అర్జీలు చూసీ చూసీ రిటైరైన మావయ్యని కదా, కాస్త విను.

నీకు జీతంతో వచ్చే సెలవు 26 వారాలు. అందులో కాన్పుకి ముందు వాడుకోగలిగేది 8 వారాలు మాత్రమే. డాక్టరు చెప్పిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెడితే ఎనిమిదో నెలలోకి వస్తావు. ఏడో నెలలోనే వచ్చేస్తే ఆ మధ్య రోజులకి నీ సొంత సెలవులు పోతాయి, లేదా జీతం కోత. పైగా ముందు ఎంత తక్కువ వాడితే బిడ్డ దగ్గర అంత ఎక్కువ కాలం ఉంటావు. ఒంట్లో బాగుంటే చివరి మూడు నాలుగు వారాలు చాలని నా అభిప్రాయం. రోజూ పైడిభీమవరం దాకా బస్సు ప్రయాణం పడట్లేదంటే మాత్రం 8 వారాలూ తీసుకో. ఒళ్ళు నీది, మీ అమ్మ పంచాంగానిది కాదు. ల్యాబులో గంటల తరబడి నిలబడే పని, బరువు పని వద్దని కాన్పుకి పది వారాల ముందు నుంచే అడగొచ్చు. నోటితో అడిగి ఊరుకోకు, కాగితం మీద రాసివ్వు.

డబ్బు ఎవరిస్తారో ఇప్పుడే తేల్చుకో. పే స్లిప్పులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉంటే ఈఎస్‌ఐ వాళ్ళే ఇస్తారు. అంతకు ముందు వరసగా రెండు చందా గడువుల్లో (ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి) కలిపి 70 రోజులకి చందా పడి ఉండాలి. జీతం 21,000 దాటి ఈఎస్‌ఐ లేకపోతే కంపెనీయే ఇవ్వాలి. దానికి కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టరు కింద ఉన్నా హక్కు ఉంటుంది, హాజరు రుజువులు మాత్రం దాచుకో. 2025 నవంబరు 21 నుంచి 1961 నాటి పాత ప్రసూతి ప్రయోజనాల చట్టం బదులు సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గానీ, ఈ లెక్కలు మారలేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. "ఇప్పుడు రాజీనామా ఇచ్చెయ్, తర్వాత మళ్ళీ తీసుకుంటాం" అని ఎవరైనా తియ్యగా అంటే సంతకం పెట్టకు. సెలవులో ఉన్నవాళ్ళని తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. నువ్వే రాసిచ్చేశాక నీ తరఫున మాట్లాడటం మాకు కష్టం.

అల్లుడి సంగతి. మీ అన్నయ్య జిల్లా పరిషత్ స్కూల్లో టీచరు కాబట్టి 15 రోజుల పితృత్వ సెలవు వచ్చింది. ప్రైవేటు ఉద్యోగికి అలాంటి చట్టం లేదు, కంపెనీ దయ. సొంత సెలవులు ఇప్పట్నుంచే మిగుల్చుకోమను.

తిరిగి చేరాక బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఉంటాయి. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలి, కనుక్కో.

పలాసలో జీడిపిక్కల పనికెళ్ళే మీ ఆడపడుచు కూడా నీళ్ళోసుకుందట కదా. అక్కడ పదిమంది కూడా లేరంటే ఈ సెలవు అందదు. మొదటి కాన్పే కాబట్టి మాతృ వందన యోజన కింద 5,000 రావచ్చు, అంగన్‌వాడీలో పేరు రాయించుకోమను.

స్కానింగ్ రిపోర్టు, చివరి మూడు నెలల పే స్లిప్పులు ఫోటో తీసి పంపు. అర్జీ నేను రాసిపెడతాను, రెండు కాపీలు తీసి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకో.

మీ మావయ్య