ఎనిమిదో తరగతి మాట వినడం లేదు, ఏం చేయాలి?

డీఎస్సీలో కొత్తగా ఉద్యోగం వచ్చిందనీ, ఎనిమిదో తరగతి అస్సలు మాట వినడం లేదనీ, అరిచి అరిచి గొంతు పోతోందనీ రాశారు. నేను ఆదోని వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చాలా ఏళ్ళుగా సోషల్ చెబుతున్నాను. నాకు తెలిసినంతలో, ఎవరు అల్లరి చేస్తున్నారన్నది తర్వాత సంగతి. ముందు ఎప్పుడు చేస్తున్నారో చూడండి.

పీరియడ్ మొత్తం గోల ఉండదు. హాజరు వేసేటప్పుడు, బోర్డు వైపు తిరిగి రాసేటప్పుడు, ఒక పని అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు, ఈ సందుల్లోనే లేస్తుంది. ఇప్పుడు దీనికి హాజరు లాంటివి ఫోన్‌లో ఎక్కించే యాప్‌లు తోడయ్యాయి. టీచర్ తల ఫోన్‌లోకి వంగిందంటే వెనక బెంచీకి పండగే. (ఆ యాప్‌లు తయారుచేసినవాళ్ళని ఒక్కసారి మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్‌కి పంపాలని నాకు ఎప్పటినుంచో కోరిక.) క్లాసులోకి వెళ్ళగానే నిన్నటి పాఠంలోంచి రెండు చిన్న ప్రశ్నలు బోర్డు మీద రాసేయండి. వాళ్ళు జవాబులు రాస్తుంటే మీరు హాజరు వేసుకోండి. బోర్డు మీద రాసేటప్పుడు వీపు చూపించకుండా పక్కకి నిలబడి రాయడం అలవాటు చేసుకోండి. మొదట్లో అక్షరాలు వంకర పోతాయి, ఫర్వాలేదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. జేకబ్ కౌనిన్ అనే అమెరికా పరిశోధకుడు తరగతి గదులను వీడియో తీసి గమనించి, 1970లో ఆ ఫలితాలను ప్రచురించాడు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్నదాన్ని బట్టి క్లాసు తీరులో చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనబడలేదు. టీచర్ అంతా గమనిస్తున్నారని పిల్లలకు తెలియడం, పాఠం మధ్యలో ఖాళీలు రాకపోవడం, ఇలాంటివాటి దగ్గరే తేడా వచ్చింది. అందుకే "ఎవర్రా అది?" అని అడగడం మానేయండి. దానికి జవాబు రాదు, పైగా మీరు చూడలేదని నలభై మందికీ తెలిసిపోతుంది. ఒక్కడు చేసినదానికి క్లాసంతటినీ నిలబెడితే బుద్ధిగా ఉన్నవాళ్ళు కూడా వాడి పక్షం చేరతారు.

ఆ సందులు పూడ్చాక కూడా ఇద్దరు ముగ్గురు మిగులుతారు. వాళ్ళ సంగతి వేరు.

మా దగ్గర దసరా దాటాక ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి, అంటే కూలి పనులకి వలస పోతాయి, గుంటూరు వైపు పత్తికి, మిరప కోతలకి. ఇంట్లో అవ్వో తాతో ఉంటే పిల్లలు ఆగుతారు, లేకపోతే అమ్మానాన్నల వెంట పోతారు. అలాంటి పిల్లల కోసం వలస నెలల్లో సీజనల్ హాస్టళ్ళు పెట్టినా అందరూ చేరరు. అలా నెలల తరబడి బడి వదిలి, ఎనిమిదిలోకి వచ్చిన పిల్లవాడు ఒకడు నా క్లాసులో ఉండేవాడు. పాఠాన్ని పేరాలవారీగా వరసగా చదివిస్తుంటే, వాడి వంతుకి ఇద్దరున్నారనగా పక్కవాడి పెన్ను లాగేవాడు. లేదా "మేడమ్, ఒకటికి" అని వేలు చూపించేవాడు. ఆ రెండూ పారకపోతే ముందు బెంచీని కాలితో తన్నేవాడు. వంతు దాటిపోతే మళ్ళీ బుద్ధిమంతుడే. ఒకరోజు పుస్తకం మీద వేలు పెట్టి, తనకి వచ్చే పేరా ఏదో ముందే లెక్కపెట్టుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది. ఒత్తులున్న మాట వస్తే వాడు ఆగిపోతాడు. అది అందరి ముందూ, అందులోనూ ఆడపిల్లల ముందు, బయటపడటం కన్నా గది బయట నిలబడటమే వాడికి నయం. మనం బయటికి పంపితే వాడు కోరుకున్నది మన చేతులమీదుగా ఇచ్చినట్టే.

వరసగా చదివించడం ఆపేశాను. "రేపు నువ్వు ఈ మూడు లైన్లు చదవాలిరా" అని ముందురోజే వాడి ఒక్కడికే చెప్పేదాన్ని. స్నేహితుడి దగ్గర నేర్చుకుని వచ్చేవాడు. నా పీరియడ్‌లో బెంచీ తన్నడం తగ్గింది. లెక్కల పీరియడ్‌లో మాత్రం అలాగే ఉండేవాడని మా సార్ అనేవారు. ఐదో తరగతి పిల్లల్లో చాలామంది రెండో తరగతి పాఠం కూడా తడుముకోకుండా చదవలేకపోతున్నారని, పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు పరీక్షించే అసర్ సర్వేలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. వాళ్ళే మూడేళ్ళకి మీ ముందు కూర్చుంటారు. మీ అల్లరి పిల్లల చేత విడిగా ఒక పేజీ చదివించి చూడండి.

చదవడం వచ్చి కూడా ఎదురు తిరిగేవాళ్ళుంటారు. అక్కడ పరువు సమస్య. స్నేహితుల ముందు "లేచి నిలబడు" అంటే లేవడు, మీరూ వెనక్కి తగ్గలేరు. దగ్గరికి వెళ్ళి, మెల్లిగా "పుస్తకం తియ్యి నాన్నా" అని, అక్కడే నిలబడి చూడకుండా గదిలో ఇంకోవైపు నడవండి. కాసేపటికి గొణుక్కుంటూ తీస్తాడు. ఆ గొణుగుడు మీకు వినపడలేదు, అంతే. మిగతాది బెల్ అయ్యాక వరండాలో వాడితో విడిగా మాట్లాడుకోవచ్చు. అల్లరివాణ్ణి లీడర్ చేస్తే దారికొస్తాడని స్టాఫ్‌రూమ్‌లో సలహా ఇస్తారు. నేను చూసినంతలో, చాలాసార్లు వాడికి మిగతావాళ్ళ మీద కర్ర ఇచ్చినట్టే అవుతుంది.

బెత్తం గురించి కూడా అడిగారు. విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అంటే గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం, అందరి ముందు మొద్దు అనడం కూడా కుదరవు. సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుందని ఆ సెక్షన్‌లోనే ఉంది. కొత్త ఉద్యోగం కదా, గుర్తుంచుకోండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, బెత్తం భయం ఆ ఒక్క సార్ పీరియడ్ వరకే ఉంటుంది. అణచిపెట్టిన గోలంతా తర్వాతి పీరియడ్ టీచర్ నెత్తిన పడుతుంది. ఆ తర్వాతి పీరియడ్ చాలాకాలం నాదే.

ఇంటివాళ్ళని పిలిపిస్తే "నాలుగు తగిలియ్యి మేడమ్, మేమేమీ అడగం" అంటారు. ఇంటికి వెళ్ళాక వాళ్ళే తగిలిస్తారు. అందుకని మొదటి కబురు మంచిదై ఉండేలా చూసుకోండి. "మీవాడు నిన్న పాఠం బాగా చదివాడమ్మా" అని ఒక్క ఫోన్ చేసి పెట్టుకుంటే, తర్వాత ఫిర్యాదు చేయాల్సి వచ్చినా వింటారు.

గుట్కా, దొంగతనం, చిన్న క్లాసుల పిల్లల్ని కొట్టడం లాంటివి మాత్రం మీ ఒక్కరి మీద వేసుకోవద్దు, హెచ్‌ఎం గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లవాడు ఇంట్లో దెబ్బలు తింటున్నాడని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.