కీమోకి లొంగని కణం గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవికి,

వ్యాసం అందింది. చదివించే గుణం ఉంది. కానీ రెండో పేరాలోనే "క్యాన్సర్ కణాలు మందును గుర్తుపట్టి తప్పించుకోవడం నేర్చుకుంటాయి" అన్నావు. కొట్టెయ్యి. కణానికి అంత బుర్ర లేదు. సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. విభజనల్లో డీఎన్‌ఏ నకలు తప్పులు దొర్లుతూనే ఉంటాయి కనుక, మందు పడకముందే కొన్నిటికి దాన్ని తట్టుకునే మార్పు ఉండొచ్చు. తక్కినవి చస్తాయి, అవి మిగులుతాయి. మళ్లీ పెరిగే గడ్డ వాటి సంతానం. ఒకే కలుపు మందు ఏటా కొట్టిన చేలో ఏమవుతుందో మన పాఠకుడికి తెలుసు. ఆ పోలిక చాలు, యుద్ధాలూ కోటలూ వద్దు. మందు తగిలాక, డీఎన్‌ఏ మారకుండానే కొన్ని జన్యువులు జోరందుకోవడం కూడా ఉంది. దానికి ఒక వాక్యం ఇవ్వు.

ఆరు మందులు ఏకరువు పెట్టావు. ఒక్కటి పట్టుకో: మెథోట్రెక్సేట్. దీనికి ముందొచ్చిన అమినోప్టెరిన్ అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో దాన్ని లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. జబ్బు తగ్గింది, కొన్నాళ్లకే తిరగబెట్టింది. మనవాళ్లు చాలామంది కథను మొదటి సగం దగ్గరే ఆపేస్తారు. నువ్వు రెండో సగంతో మొదలుపెట్టు.

మెథోట్రెక్సేట్ అచ్చం ఫోలేట్ అనే బి-విటమిన్‌లా ఉంటుంది. అందుకే ఫోలేట్‌ను తెచ్చే వాహక ప్రోటీనే దీన్నీ కణంలోకి తెస్తుంది. లోపల ఓ ఎంజైమ్ దీనికి గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని తోకలా తగిలిస్తుంది, దాంతో బయటికి జారిపోదు. తర్వాత డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమ్‌ను పట్టేస్తుంది, డీఎన్‌ఏకి ముడిసరుకైన థైమిడిన్ తయారీ ఆగి, డీఎన్‌ఏ నకలు పని నిలిచిపోతుంది. ఈ వరస సరిగ్గా రాస్తే మిగతాది పాఠకుడే ఊహిస్తాడు: వాహకం తగ్గితే మందు లోపలికి రాదు, తోక పడకపోతే నిలవదు, డీహెచ్‌ఎఫ్‌ఆర్ ఆకారం మారితే అతుక్కోదు.

నాలుగోదే వింత. డీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు నకళ్లే పెరిగిపోతాయి. 1978లో రాబర్ట్ షిమ్కే బృందం, మోతాదు మెల్లగా పెంచుతూ పెంచిన ఎలుక కణాల్లో ఇవి దాదాపు 200 రెట్లు ఉన్నట్టు చూపింది. ఎంత మందు పోసినా, దానికి చిక్కని ఎంజైమ్ ఇంకా మిగిలే ఉంటుంది. కొన్ని కణాల్లో ఆ అదనపు నకళ్లు సెంట్రోమియర్ (విభజనలో క్రోమోజోమును పట్టి లాగే చోటు) లేని తునకల మీద ఉంటాయి. విభజనలో అవి సమంగా పంపకం కావు, మందు ఆపేస్తే క్రమంగా కరిగిపోతాయి. ఇక్కడ తొందరపడకు, పేరా పెద్దదైనా ఫర్వాలేదు.

పి-గ్లైకోప్రోటీన్ సంగతి క్లుప్తంగా చాలు. 1976లో జూలియానో, లింగ్ గుర్తించిన, కణం పొరలోని పంపు ఇది. కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెట్టి డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్‌లను బయటికి తోసేస్తుంది. నువ్విచ్చిన జాబితాలోంచి సిస్‌ప్లాటిన్ తీసెయ్యి, ఈ పంపు దాన్ని తొయ్యదు. "మరి పంపును మూసేస్తే సరిపోదా?" అని పాఠకుడు అడుగుతాడు. పేగుల్లో, కాలేయంలో, మెదడు రక్తనాళాల్లో కూడా అదే పంపు కాపలా. మూస్తే మందు విషం ఒంటికీ పెరుగుతుందని రాయి.

వైద్యులు ఏం చేస్తారన్నది వదిలేశావు. వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే మందులు కలిపి ఇస్తారు, అన్నిటినీ తట్టుకునే కణం అరుదు కనుక. ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమాలో మెథోట్రెక్సేట్‌ను ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 12 గ్రాముల దాకా ఎక్కిస్తారు. అంత గాఢతలో వాహకం సరిగా లేని కణంలోకీ కొంత చొరబడుతుంది. 24 గంటలకు ల్యూకోవోరిన్ అనే విరుగుడు మొదలుపెట్టి మంచి కణాలను కాపాడతారు. అది ఆలస్యమైతే ఎముక మజ్జ దెబ్బతింటుంది, కనుక ఈ రెండిటినీ విడదీసి రాయొద్దు.

బొమ్మలో పంపు బాణం లోపలికి చూపిస్తోంది. తిప్పి గీయించి పంపు.