రేటింగ్ తేలే గదిలో నువ్వుండవు

ఒరేయ్ చిన్నా,

ఆఫీసులో నీ ఏడాది పనికి ఈసారీ మామూలు రేటింగే వచ్చిందన్నావు, సరే. వచ్చే ఏడాది ఇంకా కష్టపడతానన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది.

చాలా పెద్ద కంపెనీల్లో ఎవరికి ఏ రేటింగో తేల్చడానికి కాలిబ్రేషన్ మీటింగ్ అని ఒకటి పెడతారు. మేనేజర్లంతా కూర్చుని ఎవరి టీమ్ కోసం వాళ్లు వాదించుకుంటారు, నీ వంతు కాసేపట్లో అయిపోతుంది. మీ మేనేజర్ "మంచి కుర్రాడండీ, కష్టపడతాడు" అని ఊరుకున్నాడనుకో, పక్కాయన "మా టీమ్‌లో అమ్మాయి వల్ల బిల్లింగ్ తప్పులు ఆగిపోయాయి" అనగానే నీ పేరు కిందికి జారిపోతుంది. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో సీఈఓ జాక్ వెల్చ్ హయాంలో పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10 అని ఉద్యోగుల్ని విడగొట్టి, ఆ కింది వాళ్లను సాగనంపేవాళ్లు. ఇలాంటి పద్ధతినే మైక్రోసాఫ్ట్ చాన్నాళ్లు నడిపి 2013లో ఎత్తేసింది. పేరుకి ఎత్తేసినా, జీతాల పెంపు బడ్జెట్ ఇంతేనని పైనుంచి వస్తే మళ్లీ అదే కథ, నన్నడిగితే.

అందుకని నెలకోసారి మేనేజర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టు, ఆ మీటింగ్‌లో ఆయన ఉన్నదున్నట్టు చదివేలా ఉండాలి. "రిపోర్ట్ మాడ్యూల్ పూర్తి చేశాను" అని రాస్తే ఎవరికీ ఎక్కదు. "రెండు రోజులు పట్టే రిపోర్ట్ ఇప్పుడు గంటలో వస్తోంది, ఫైనాన్స్ వాళ్లు వాడుతున్నారు" అని రాయి. డప్పు కొట్టుకోవడం నాకు చేతకాదు అనకు, ఏడాది మొదట్లో చేసిన పని చివరికి నీకే గుర్తుండదు, ఇక ఆయనకేం గుర్తుంటుంది?

ఇంకోటి, మీ మేనేజర్ ఎలాంటివాడో కూడా చూసుకో. ఆయన టీమ్‌లో ఈమధ్య ఎవరికైనా ప్రమోషన్ వచ్చిందా? నువ్వు చేసిన స్లయిడ్లు పైవాళ్లకి నీ చేతే చెప్పిస్తాడా, తనే చెప్పేస్తాడా? "నువ్వు లేకపోతే ఈ పని నడవదు" అంటే మాత్రం మురిసిపోకురా, అలాంటివాడే నిన్ను వేరే టీమ్‌కి వదలడు. ఆ పని వెంటనే ఇంకొకరికి నేర్పేయ్.

ఈసారి మేనేజర్‌తో వన్ ఆన్ వన్‌లో, అంటే మీరిద్దరే మాట్లాడుకునేటప్పుడు, నన్ను పై లెవెల్‌కి రికమెండ్ చేయాలంటే ఏం తక్కువైందో చెప్పండి అని సూటిగా అడుగు, ఆయన చెప్పింది మెయిల్‌లో రాసి పంపు. రెండుసార్లు అడిగినా "టైమ్ రావాలి" అంటుంటే మీ కంపెనీలోనే వేరే టీముల్లో ఓపెనింగ్స్ వెతుక్కో. అప్లై చేసే ముందు హెచ్‌ఆర్ పాలసీ ఒకసారి చదువు, కొన్ని కంపెనీల్లో నువ్వు బటన్ నొక్కగానే మేనేజర్‌కి మెయిల్ వెళ్లిపోతుంది.

మీ మావయ్య