తోసేసిన శత్రువు మీద ఆపర్చునిటీ అటాక్ వస్తుందా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో థండర్‌వేవ్ అనే స్పెల్‌తో (మంత్రంతో) శత్రువును తోసేస్తే, పక్కనే ఉన్న ఫైటర్‌కి (యోధుడి పాత్రకి) ఆపర్చునిటీ అటాక్, అంటే దగ్గర్నుంచి జారుకునే శత్రువును కొట్టే అవకాశం, దొరుకుతుందా అని అడిగారు. దొరకదు. కానీ డిసొనెంట్ విస్పర్స్ అనే స్పెల్‌తో పారిపోయేలా చేస్తే దొరుకుతుంది. నేను ఆడేది ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో. కాబట్టి ఇదంతా వాటి ప్రకారమే.

ఆ శత్రువు కదలడానికి తన మూవ్‌మెంట్ గానీ, యాక్షన్ గానీ, రియాక్షన్ (ఏదైనా జరిగినప్పుడు స్పందనగా చేసే చర్య) గానీ వాడాడా? చూడాల్సింది అదొక్కటే. థండర్‌వేవ్‌కి సేవ్ (తట్టుకోవడానికి వేసే డైస్) తప్పినవాడు 10 అడుగులు వెనక్కి వెళ్లిపడతాడు, తనవైపు నుంచి ఏదీ ఖర్చు కాదు. డిసొనెంట్ విస్పర్స్‌లో మాత్రం తన రియాక్షన్ వాడి తన కాళ్లతోనే పరిగెత్తుతాడు. అందుకే బార్డ్ (గాయక మాంత్రికురాలు) పాత్రగా ఆడినప్పుడు, ఈ స్పెల్ వేసే ముందు వాడి రియాక్షన్ మిగిలుందో లేదో తప్పకుండా చూసుకునేదాన్ని. అప్పటికే వాడేసి ఉంటే డ్యామేజ్ తగులుతుంది గానీ అడుగు కూడా కదలడు. పైగా, కళ్లెదుట కనిపించే మంటలోకో గోతిలోకో పరిగెత్తడని ఆ స్పెల్‌లోనే రాసి ఉంది.

అలాంటి చోటికి పంపాలంటే తోయాల్సిందే. నాకు బాగా నచ్చేది ఈ భాగమే. మా జట్టులోని క్లెరిక్ (పూజారి పాత్ర) స్పిరిట్ గార్డియన్స్ అనే స్పెల్ వేస్తే తన చుట్టూ 15 అడుగుల మేర ఆత్మలు తిరుగుతుంటాయి. ఒక టర్న్‌లో మొదటిసారి అందులోకి వచ్చినవాడికి 3డీ8 (ఎనిమిది ముఖాల డైస్ మూడు) డ్యామేజ్, సేవ్ అయితే సగం. ఇక్కడ రూల్ చెప్పేది 'ఒక టర్న్‌లో' అని, 'ఒక రౌండ్‌లో' (అందరి టర్న్‌లూ ఒకసారి పూర్తయ్యే లోపు) అని కాదు. ఇప్పుడు నాది వార్‌లాక్ అనే మాంత్రిక పాత్ర. నా టర్న్‌లో రిపెల్లింగ్ బ్లాస్ట్‌తో (నా బ్లాస్ట్ తగిలినవాణ్ని వెనక్కి తోసే శక్తితో) అందులోకి తోస్తే అప్పుడే ఒకసారి తగులుతుంది. వాడి టర్న్ అక్కడే మొదలైతే మళ్లీ తగులుతుంది. క్లెరిక్ తనే నడిచొచ్చి శత్రువును ఆ పరిధిలోకి తెచ్చుకుంటే మాత్రం వెంటనే తగలదు, వాడి టర్న్ దాకా ఆగాలి. తోసినప్పుడు వాడు నా నుంచి తిన్నగా దూరంగా వెళ్తాడు. కాబట్టి బ్లాస్ట్ వేసే ముందే నాకూ క్లెరిక్‌కూ మధ్య శత్రువు ఉండేలా నిలబడతాను.

కొండ అంచు నుంచి తోస్తే ప్రతి 10 అడుగుల పతనానికి 1డీ6, కింద పడ్డాక ప్రోన్, అంటే నేల మీద పడి ఉంటాడు.

బూమింగ్ బ్లేడ్ అనే స్పెల్‌తో ఇవేవీ కలపకండి. అందులో రెండో డ్యామేజ్ రావాలంటే శత్రువు ఇష్టపూర్వకంగా కదలాలి. తోస్తే రాదు. విస్పర్స్‌తో పరిగెత్తించినా అది ఇష్టపూర్వకం కాదనే మా డీఎం (ఆట నడిపేవారు) తేల్చారు, నాకూ అదే సబబనిపిస్తుంది.